వాన వస్తే ఏం చేద్దాం: చెల్లి పెళ్లికి మేం రాసుకున్న కాగితం

చెల్లి పెళ్లి ఆరుబయటే చేద్దామని ఇంట్లో అందరం అనుకున్నాక, వాతావరణం సంగతి చూసుకునే పని నాకు అప్పజెప్పారు. ఈ పని మొదలుపెట్టినప్పుడు చుట్టాల్లో ఎవరిని అడిగినా ఒకటే సలహా: "మంచి టెంట్ వేయించు, సరిపోతుంది." టెంట్ కావాల్సిందే. కానీ పని పూర్తయ్యాక నాకు బలంగా అనిపిస్తున్నది వేరు. ఆరుబయట పెళ్లికి అసలు కావాల్సినవి మూడు జవాబులు. దేన్ని చూసి వేడుకను లోపలికి మారుస్తాం? ఏ గంటకల్లా తేల్చుకుంటాం? ఆ మాట ఎవరు చెప్తారు? ఈ మూడూ ముందే కాగితం మీద ఉంటే చిన్న టెంట్‌తో కూడా గట్టెక్కొచ్చు. లేకపోతే ఎంత ఖరీదైన టెంట్ కిందైనా మబ్బు పట్టే వేళకి నలుగురూ నాలుగు మాటలు చెప్తూ నిలబడతారు.

తేదీ ఖాయం చేసే ముందు మేం ఆ చోటి పాత లెక్కలు చూశాం. ఒక ప్రాంతపు వాతావరణం మామూలుగా ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పుడు వాడుతున్న సగటు 1991 నుంచి 2020 దాకా ఉన్న ఏళ్లది. అందులో నెల మొత్తం వానపాతం కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ నెలలో వాన పడే రోజులు ఎన్ని అన్న అంకె. ఎందుకంటే ఒక్క పెద్ద తుపానుతో నెల వానంతా పడిపోయే చోట కూడా సగటు పెద్దగానే కనిపిస్తుంది, మిగతా రోజులు పొడిగా ఉన్నా సరే. రెండోది, వాన ఏ వేళ వస్తుందన్నది. వేడి రోజుల్లో ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి. నేల కాగి, దాని మీది తేమ గాలి పైకి లేచి, మబ్బు కట్టడానికి అంత సమయం పడుతుంది. ఆ లెక్కన ఉదయం పెళ్లి క్షేమం. కానీ చెల్లికి సాయంత్రపు వెలుగు కావాలి. "అక్కా, ఈ ఒక్కటి మాత్రం మార్చొద్దు" అంది. సరే అన్నాను. ముప్పు ఎక్కువున్న వేళ ఎంచుకుంటున్నామని తెలిసే ఎంచుకున్నాం కాబట్టి మిగతా విషయాల్లో గట్టిగా ఉండాలని కూడా అప్పుడే చెప్పాను.

స్థలం వెతికేటప్పుడు నేను పెట్టిన షరతు ఒకటే. జనమంతా నడిచి పది నిమిషాల్లో చేరగలిగే గట్టి భవనం పక్కనే ఉండాలి. రేకుల షెడ్డు కాదు, పందిరి కాదు, గోడలూ స్లాబూ ఉన్న కట్టడం. ఈ షరతు వల్ల చూడముచ్చటైన మైదానాలు కొన్ని వదులుకోవాల్సి వచ్చింది. అందులో ఒకటి చెరువు పక్కన ఉంది, ఇంట్లో అందరూ దాని మీదే మనసు పడ్డారు. దాన్ని వద్దనడం కష్టంగానే అనిపించింది. చివరికి కుదిరిన తోటని మాత్రం నాన్నగారు, నేను కావాలనే గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి చూశాం. ఎండరోజు చూస్తే ఏ పచ్చిక బయలైనా బాగానే ఉంటుంది. వాన పడ్డ మర్నాడు వెళ్తే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, వాలు ఎటుందో, కార్లు ఆపే చోట చక్రం ఎంత దిగుతోందో ఎవరూ చెప్పక్కర్లేకుండా కనబడుతుంది. స్టేజీ వేద్దామని తోటవాళ్లు చూపించిన చోట చెప్పు మునిగేంత నీళ్లున్నాయి. దాన్ని పక్కనున్న మెరకకి మార్చాం.

ఆ పక్క భవనంలోని హాలు గురించి చెల్లితో మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తుంది. వాన వస్తేనే కదా దాని అవసరం అని తను అటు చూడటానికే ఇష్టపడలేదు. చాలామంది అక్కడే ఆగిపోతారనుకుంటాను. రెండో చోటు పేరు రాసుకుంటారు గానీ దాన్ని కళ్లారా చూడరు, అలంకరణ గురించి ఆలోచించరు. తీరా ఆ రోజు అక్కడికి మారాల్సి వస్తే పెళ్లికూతురికి అది ఓటమిలా కనిపిస్తుంది. అందుకే నేను పట్టుబట్టి తనని హాల్లోకి తీసుకెళ్లాను. పడమటి వైపు నేల దాకా కిటికీలున్న గోడ చూసి తనే అంది: "ఇక్కడైతే కిటికీల ముందు కూర్చుంటాం. ఆ ట్యూబులైట్లు మాత్రం తీయించేయాలి." ఆ మాటతో సగం పని అయిపోయినట్టే. డెకరేషన్ వాళ్లకి పూల అమరికని రెండు చోట్లా పట్టేలా, ముక్కలుగా విడదీసి మోయగలిగేలా చేయమన్నాం. కుర్చీల వరసలు హాల్లో ఎలా పడతాయో నేల మీద సుద్దతో గీసి చూసుకున్నాం. బయట వేసినన్ని లోపల పట్టవు. కొంతమంది నిలబడాల్సి వస్తుంది, అయితే పెద్దవాళ్లకి కచ్చితంగా కుర్చీ ఉండాలి.

ఇక టెంట్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే జనం వానకి భయపడతారు గానీ టెంట్‌కి అసలు శత్రువు గాలి. గాలి వేగం రెట్టింపైతే అది నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి దాదాపు 6 కిలోల బరువుతో నెడుతుంది. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న పక్క పరదా మీద అది సుమారు 190 కిలోలు. అదే గాలి గంటకి 72 కిలోమీటర్లయితే దాదాపు 750 కిలోలు. ఆకారాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి, కానీ పెరిగే తీరు అదే. వాన జల్లు లోపలికి కొట్టకూడదని నాలుగు వైపులా పరదాలు దించేస్తాం చూడండి, గాలివాన వేళ ఆ పరదాలే తెరచాపలై టెంట్‌ని లేపుతాయి. జల్లు ఒక వైపు నుంచి వస్తుంటే ఆ ఒక్క వైపే దించాలా, లేక టెంట్ మొత్తం ఖాళీ చేయాలా అన్నది మేస్త్రీ చెప్పాలి. మనకి తోచినట్టు చేసేది కాదు.

మేం మాట్లాడిన టెంట్ హౌస్ వాళ్లలో ఒకాయన్ని, "ఎంత గాలి దాకా మీ టెంట్ కింద జనం ఉండొచ్చు?" అని అడిగితే, "ఏం కాదమ్మా, మాది ఎన్నో గాలులు చూసింది" అన్నాడు. ఆయనకి వద్దని చెప్పేశాం. ఇంకో మేస్త్రీ మాత్రం అంకె చెప్పాడు. ఈ సైజు టెంట్‌కి ఈదురుగాలి గంటకి 50 కిలోమీటర్లు దాటేలా ఉంటే లోపల మనిషి ఉండకూడదన్నాడు. ఆ హద్దు ఆయన టెంట్‌ది. ప్రతి టెంట్‌కీ కట్టుబడిని బట్టి వేరేగా ఉంటుంది, కాబట్టి అడిగి రాయించుకోవాల్సిందే. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు: "మేకు పొడి నేలలో పట్టినంత గట్టిగా తడిసిన నేలలో పట్టదమ్మా. పొద్దున్నుంచీ వాన పడితే నా అంకె తగ్గించుకోండి." మేకులు దిగని రాతి నేల వైపు నీళ్ల డ్రమ్ములు పెట్టాడు. 200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు. అయినా తాడు ఏటవాలుగా లాగినప్పుడు అది జరుగుతుంది కాబట్టి ఆ బరువంతా మనకి పని చేయదని, ఒక్కో స్తంభానికి ఒకటి సరిపోదని చెప్పి జంటలుగా కట్టాడు. ఇలా లెక్క చెప్పగలిగే మనిషి దొరికితే మిగతా పనులకి ధైర్యం వస్తుంది.

గాలిని కంటితో అంచనా వేయడం కూడా నేర్చుకున్నాను. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఓడల కోసం రాసుకున్న గాలి కొలమానాన్ని తర్వాత నేల మీద వాడేలా మార్చారు. దాని ప్రకారం దుమ్ము, కాగితాలు లేస్తుంటే గంటకి 20 నుంచి 28 కిలోమీటర్లు. ఆకులున్న చిన్న చెట్లు ఊగడం మొదలైతే 29 నుంచి 38. పెద్ద కొమ్మలు కదులుతూ గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 నుంచి 49. అంటే గొడుగు చేతిలో నిలవని స్థితికి వచ్చామంటే మా టెంట్ హద్దు దరిదాపుల్లో ఉన్నట్టే. తోట చివర ఒక చెట్టుని గుర్తుగా పెట్టుకున్నాం. ఆ చెట్టుని చూస్తూ ఉండటమే పనిగా మా తమ్ముడిని కూర్చోబెట్టాలని కాగితంలో రాశాం.

వాన లెక్క ఇంతకన్నా సులువు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన అంటే 1 లీటరు నీళ్లు. మా టెంట్ 20 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. 25 మిల్లీమీటర్ల వాన పడితే పైనుంచి 5,000 లీటర్లు దిగాలి. అవి ఎటు దిగుతాయి? చాలా టెంట్లలో ఆ ప్రశ్నే ఎవరూ అడగరు, నీళ్లు సరిగ్గా జనం నడిచే దారిలోనే పడతాయి. మేం దారి ఉన్న వైపు కాకుండా వెనక వైపుకి వాలు పెట్టించి, అక్కడ చిన్న కాలువ తీయించాం. గుడ్డ వదులుగా ఉంటే నీళ్లు మధ్యలో గుంట కట్టి నిలుస్తాయి. ఆ బరువుకి గుడ్డ ఇంకా సాగుతుంది, ఇంకా నీళ్లు చేరతాయి. అలా నిలవకుండా పైన బిగుతుగా ఉందో లేదో ముందు రోజు పైపుతో నీళ్లు కొట్టి చూశాం. ఇది తప్పకుండా చేయండి. రెండు చోట్ల బిగించాల్సి వచ్చింది.

కరెంటు విషయంలో నాన్నగారు ఎవరి మాటా వినలేదు, అందుకు ఆయనకి దండం పెట్టాలి. వైర్ల అతుకులన్నీ నేలకి ఎత్తుగా, కప్పు కింద. లీకేజీ వస్తే కత్తిరించే 30 మిల్లీయాంప్‌ల స్విచ్ లేకుండా ఒక్క ఫోకస్ లైటు కూడా వెలగకూడదన్నారు. జనరేటర్ టెంట్‌కి దూరంగా. వాన తగులుతోందని దాన్ని లోపలికో గోడ పక్కకో తెస్తే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనుషుల్ని చంపేస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. హాల్లో లైట్లకీ మైకుకీ ముందే లైను లాగి పరీక్షించాం.

పిడుగు గురించి నాకున్న పట్టుదల వల్ల ఇంట్లో ఒకరిద్దరికి విసుగు వచ్చిందేమో, అయినా ఇది చెప్పి తీరాలి. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. దాని ఇనుప స్తంభాల పక్కన నిలబడటం బయలులో నిలబడటం కన్నా మేలేమీ కాదు. చెట్టు కింద అసలే వద్దు. క్షేమమైనవి రెండే: వైరింగూ నీటి పైపులూ ఉన్న గట్టి భవనం, లేదా అద్దాలు మూసిన ఇనుప పైకప్పు వాహనం. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే అది 10 కిలోమీటర్లలోపు ఉన్నట్టు. పిడుగు వాన పడని చోట కూడా పడుతుంది కాబట్టి, ఉరుము చెవిన పడిందంటే చాలు, లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకో ఉరుము వినిపిస్తే ఆ 30 నిమిషాలు మళ్లీ మొదటి నుంచి. ఈ నియమానికి మా కాగితంలో మినహాయింపు పెట్టలేదు.

ఎండ గురించి కూడా నాలుగు ముక్కలు రాసుకున్నాం. 32 డిగ్రీల వేడిలో గాలి తేమ 70 శాతం ఉంటే ఒంటికి దాదాపు 41 డిగ్రీల్లా తగులుతుంది. అది నీడలో. నేరుగా ఎండలో కూర్చుంటే ఇంకో 8 డిగ్రీల దాకా కలవొచ్చు. కాబట్టి నీళ్లు, నీడ, ఫ్యాన్లు, పసిపిల్లలకీ పెద్దవాళ్లకీ హాల్లో ముందు నుంచే తెరిచి ఉంచిన గది. మా రోజున ఆ గది బాగా పనికొచ్చింది.

ఇంత సమాచారం చేతిలో ఉన్నాక కాగితం రాయడానికి కూర్చున్నాం. నేను, చెల్లి, పెళ్లికొడుకు, నాన్నగారు, టెంట్ మేస్త్రీ. రాస్తుంటే ఒక సంగతి అర్థమైంది. పెళ్లి మొత్తాన్ని ఒకే ముక్కగా చూసి లోపలా బయటా అని అడిగితే ఎప్పటికీ తేలదు. ముక్కలు చేస్తే ఒక్కోదానికి ఒక్కో ఓర్పు ఉంటుంది. పెళ్లి తంతు గంటసేపు, అవసరమైతే కాసేపు ఆపొచ్చు. భోజనాలు అలా కాదు. పొయ్యిలు, కరెంటు, వందల మంది లేచి కూర్చోవడం, అదంతా ఒకసారి మొదలైతే మోసుకెళ్లలేం. అందుకని భోజనాలకి ఉదయాన్నే తేల్చాలని, పెళ్లికి మధ్యాహ్నం దాకా ఆగొచ్చని, పాటల సామాను మాత్రం అనుమానం ఉంటే లోపలే అని రాశాం. జనాన్ని కదిలించాక తిరిగి బయటికి రావడానికి కూడా ఒక గంట పెట్టాం. సాయంత్రం ఆరున్నరకల్లా బయటికి రాలేకపోతే ఇక లోపలే, ఆ తర్వాత ఆకాశం ఎంత తేటగా ఉన్నా సరే.

మాట చెప్పేది ఎవరు? పెళ్లికూతురు, పెళ్లికొడుకు కాకూడదని నేనే అన్నాను. ఆ రోజు వాళ్ల నెత్తిన ఆ బరువు పెట్టకూడదు. తల్లిదండ్రులు కూడా వద్దు, అతిథులు పలకరిస్తుంటే వాళ్లు ఆకాశం చూడలేరు. వాన, ఉరుముల విషయం నేను. గాలి విషయంలో టెంట్ మేస్త్రీది ఆఖరి మాట. ఆయన ఖాళీ చేయమంటే నాన్నగారు కూడా ఎదురు చెప్పకూడదు. మైకులో ఏం చెప్పాలో కూడా ముందే రాసిపెట్టాం, ఎందుకంటే కంగారులో మనిషి గొంతు జనానికి టెన్షన్ పెంచుతుంది: "అందరూ దయచేసి పక్కన హాల్లోకి రండి. పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని ముందు పంపండి. వేడుక అక్కడ కొనసాగుతుంది." అంతే. వీల్‌చెయిర్ల కోసం పచ్చిక మీద ప్లైవుడ్ పలకలు పరిపించాం. ఫొటోగ్రాఫర్‌కి, వంటవాళ్లకి, డెకరేషన్ వాళ్లకి ఈ గంటలన్నీ ముందే చెప్పి, వాతావరణం వల్ల మారినా ఆగినా అడ్వాన్సు సంగతి ఏమవుతుందో రాసుకున్నాం. అతిథులకి పంపిన మెసేజ్‌లో బురదలో నడవగలిగే చెప్పులు వేసుకోమని ఒక వాక్యం చేర్చాం.

చివరి వారం గడవడం మాత్రం కష్టమైంది. ఫోన్లో ఒక యాప్ ఎండ బొమ్మ చూపిస్తుంది, ఇంకోటి మెరుపు బొమ్మ. అత్తయ్య ఒకటి పంపితే బాబాయి దానికి విరుద్ధంగా ఇంకోటి పంపుతాడు. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1963లోనే చూపించాడు, మొదట్లో ఉన్న అతి చిన్న తేడా కూడా పెరిగి పెరిగి అంచనాని పూర్తిగా మార్చేయగలదని. అందుకే వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కని కొంచెం కొంచెం తేడాలతో ఎన్నోసార్లు నడిపి, అందులో ఎన్నిటిలో వాన వచ్చిందో చూస్తాయి. వాన అవకాశం 40 శాతం అంటే రోజులో 40 శాతం సేపు తడుస్తామని కాదు, ఊళ్లో 40 శాతం చోట్ల అనీ కాదు. మనం నిలబడ్డ చోట, వాళ్లు చెప్పిన ఆ గంటల్లో, వాన పడే అవకాశం పదిలో నాలుగు. ఎంత గట్టిగా పడుతుందో ఆ అంకె చెప్పదు. ఉరుముల మబ్బు కచ్చితంగా ఏ తోట మీదికి వస్తుందో రోజుల ముందు ఎవరూ చెప్పలేరు, కొన్ని గంటల ముందు రాడార్ బొమ్మల్లో మాత్రమే తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో చెప్పేశాను: వాతావరణ శాఖ బులెటిన్ ఒక్కటే చూస్తాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిగతావి నాకు పంపొద్దు. పెద్దల్లో కొందరు నొచ్చుకున్నారు. అయినా అలా చెప్పి ఉండకపోతే ఆ వారం ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

పెళ్లిరోజు ఉదయం బులెటిన్‌లో మధ్యాహ్నం తర్వాత ఉరుముల వానకి 40 శాతం అవకాశం, మబ్బులు వచ్చినప్పుడు 45 కిలోమీటర్ల దాకా ఈదురుగాలి అని ఉంది. కాగితం ప్రకారం భోజనాలు, పాటల సామాను హాల్లోకి. ఆ మాట చెప్పినప్పుడు ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వంటవాళ్లు ఒకసారి పైకి చూసి నా వైపు చూశారు, ఏమీ అనకుండా సామాను మోశారు. మధ్యాహ్నం రాడార్‌లో మబ్బులు దూరంగా, పక్కగా పోతున్నట్టు ఉన్నాయి. పెళ్లి బయటే అని తేల్చాం. అది కూడా కాగితం ప్రకారమే.

అతిథులు కూర్చునే వేళకి గాలి ఒక్కసారిగా చల్లబడింది. అందరూ హాయిగా ఉందన్నారు. మేస్త్రీ మాత్రం నా దగ్గరికి వడివడిగా వచ్చాడు. "అమ్మా, ఇది మబ్బు కిందినుంచి దిగే గాలి. వెనకే వస్తుంది" అన్నాడు. ఉరుముల మబ్బులో వానతో పాటు చల్లటి గాలి కిందికి విరుచుకుపడి నేల మీద నాలుగు వైపులకీ పారుతుంది. చాలాసార్లు వాన కన్నా ముందు ఆ గాలే చేరుతుంది. తమ్ముడు చెట్టు వైపు చూపిస్తుండగానే ఉరుము వినిపించింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. మైకులో రాసిపెట్టిన మాటలు చదివాను. పిల్లలు, పెద్దవాళ్లు ప్లైవుడ్ దారిలో ముందు కదిలారు. డెకరేషన్ కుర్రాళ్లు పూల అమరిక ముక్కలు ఎత్తుకుని పరుగు తీశారు. మేస్త్రీ మనుషులు పరదాలు పైకి చుట్టి కట్టేసి, స్టేజీ మీద నిలబెట్టిన చట్రాన్ని నేల మీద పడుకోబెట్టారు. అందరూ లోపలికి చేరాక తలుపులు వేస్తుంటే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి.

వాన ఎక్కువసేపు లేదు. కష్టమైన ఘట్టం వాన ఆగాకే వచ్చింది. పడమర తేట పడింది, వెలుతురు చెల్లి కోరుకున్న రంగులోనే వచ్చింది. "ఆగింది కదా, బయటికి పోదాం పదండి" అని మామయ్య లేచాడు, ఆయనతో పాటు చాలామంది. చివరి ఉరుము విని పావుగంట కూడా కాలేదు. నేను ఆగమన్నాను. ఇంతలో దూరంగా ఇంకోటి వినిపించింది, 30 నిమిషాలు మళ్లీ మొదలు. లెక్క వేస్తే ఆరున్నర దాటుతుంది. మేస్త్రీ వెళ్లి మేకులు చూసి వచ్చాడు. గాలి వైపున్నవి రెండు వదులయ్యాయని, మళ్లీ కొట్టేదాకా టెంట్ కిందికి ఎవరినీ పంపొద్దని అన్నాడు. "అమ్మాయి జీవితంలో ఒక్కసారే వచ్చే రోజు, కాగితం పట్టుకుని కూర్చుంటావా?" అని మామయ్య అందరి ముందూ అడిగాడు. ఆయన ప్రేమతోనే అడిగాడని నాకు తెలుసు. చెల్లి వైపు చూశాను. "లోపలే చేద్దాం మామయ్యా, కిటికీల ముందు కూర్చుంటామని నేనే చెప్పాను" అంది.

పెళ్లి లోపలే జరిగింది. ఆ తర్వాత ఇంకో వాన రాలేదు, రాత్రంతా ఆకాశం తేటగానే ఉంది. మామయ్య ఇప్పటికీ బయట చేసి ఉండాల్సిందంటాడు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. తర్వాత వాన రాలేదన్నది ఆ నిమిషంలో మాకు తెలిసే విషయం కాదు. తెలిసినవి రెండే, ఉరుము వినిపించింది, మేకులు వదులయ్యాయి. వాటిని చూసి చెప్పిన మాట అది. ఇంకోసారి అదే స్థితి వస్తే అదే చెప్తాను.

తర్వాతి పనులు కూడా కాగితంలో ఉంటే మంచిది. కార్లు ఆపిన చోట కంకర పరిచిన వైపు బాగానే ఉంది, పచ్చిక వైపు ఆపిన కొన్ని దిగబడ్డాయి. తోటవాళ్ల ట్రాక్టర్‌ని ముందే అడిగి ఉంచడంతో రాత్రికి అందరూ బయటపడ్డారు. తడిసిన టెంట్ గుడ్డని అలాగే మడిచి పెడితే బూజు పడుతుంది, అందుకని మేస్త్రీ మర్నాడు ఎండలో ఆరబెట్టాకే తీసుకెళ్తానన్నాడు. స్థలం ఇంకో పూట మన చేతిలో ఉండేలా మాట్లాడుకుని ఉండటం అక్కడ కలిసొచ్చింది.

ఈ మధ్య మా పెదనాన్న కొడుకు తన పెళ్లికి ఈ కాగితం అడిగి తీసుకున్నాడు. వాళ్ల పెళ్లి ఎండాకాలంలో, చుట్టూ చెట్టన్నది లేని బయలులో. అందుకని కొన్ని మార్చమన్నాను. గాలి గుర్తుకి చెట్టు లేదు కాబట్టి చేతిలో పట్టుకునే గాలి మీటరు కొనుక్కోవాలి. అంకెని టెంట్ హద్దుతో పోల్చేటప్పుడు సగటుని కాదు, ఈదురుగాలి అంకెనే చూడాలి. వేడుక సూర్యుడు వాలాకే మొదలవ్వాలి, కుర్చీలు జనం కళ్లలో ఎండ పడని వైపు తిప్పాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, అక్కడ దగ్గర్లో భవనం లేదు. స్థలం మార్చడానికి వాళ్లు ఒప్పుకోలేదు. అయితే అందరూ పట్టేన్ని ఇనుప పైకప్పు బస్సులు వేడుక అయ్యేదాకా అక్కడే నిలబడి ఉండాలని, డ్రైవర్లు భోజనానికి వెళ్లినా తలుపులు తెరిచే మనిషి ఒకరు ప్రతి బస్సు దగ్గరా ఉండాలని, ఆ మనుషుల పేర్లు కూడా కాగితంలో రాయమని చెప్పాను. పేర్లు రాశాక నాకు ఒకసారి చూపిస్తానన్నాడు.